మీ ఊరి రాతపలకను చదవడం ఎట్లా: రేనాటి పల్లెల్లో నేర్చుకున్న పద్ధతి

మా ఊరి చెరువు తూము పక్కన ఒక నల్లబండ ఉండేది. మా అమ్మ, పిన్నమ్మలు ఆ బండ మీదే బట్టలు ఉతికేవాళ్లు. దాని మీద గీతలున్నాయని నాకు ఏడెనిమిదేళ్ల వయసు నుంచే తెలుసు, వేళ్లతో తడిమేదాన్ని. అవి అక్షరాలని తెలిసింది తెలుగు టీచరుగా ఉద్యోగంలో చేరిన తరువాత. అప్పటికి చెరువుకట్ట వెడల్పు చేశారు, బండ మట్టిలో కలిసింది. అందులో ఏముందో ఇక నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఎక్కడ రాతపలక, అంటే శాసనం చెక్కిన రాయి, కనిపించినా ఆగుతాను. రిటైరై అయిదేళ్లయింది. ఇప్పుడైతే వారానికి రెండు రోజులు ఇదే పని.

మాది రేనాడు. ఇప్పటి కడప జిల్లాలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురం చుట్టుపక్కల పల్లెలు, కుందేరు వెంబడి కోయిలకుంట్ల దాకా ఆ పాత నాడు పరుచుకుని ఉంటుంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన స్తంభం మీద ‘ఎరికల్ముతురాజు ధనంజయుదు రేనాణ్డు ఏళన్’ అని ఉంది. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతుండగా అని అర్థం. క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు లెక్కగట్టారు. పూర్తిగా తెలుగు వాక్యాలతో మనకు దొరికిన శాసనాల్లో అదే మొదటిదిగా చెప్పుకుంటాం. సంస్కృతంలో శాసనాలు వేయించే రోజుల్లో మా రేనాటి చోళులు, ఆ ధనంజయుడి వంశంవాళ్లు, జనం మాటలో రాయించారు. ఆ గర్వం నాకు ఉంది, దాచుకోను. అయితే ఈ వ్యాసం కలమళ్ల శాసనం గురించి కాదు. దానికి చదివేవాళ్లు ఉన్నారు. మీ ఊరి గుడి వెనక, చెరువుకట్ట మీద, పొలం గట్టున ఒరిగిపోయిన పలకకు ఎవరూ లేరు. దాన్ని మీరే చదవాలి. ఎట్లా చదవాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఊరి మనుషులతో మాట్లాడండి. ఈ మాట మొదట చెప్పడానికి కారణం ఉంది. రాయలసీమ పల్లెల్లో రాతిబండ చుట్టూ తిరిగే కొత్త మనిషిని చూస్తే గుప్తనిధులకు వచ్చారని అనుకుంటారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. నిధుల పిచ్చితో నందులను, శివలింగాలను, శాసనాలను పగలగొట్టిన సంగతులు ప్రతి మండలంలో వింటాం. శాసనంలో సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటే అది నిధికి గుర్తని ఎవరో పుట్టించారు. అది దానం సూర్యచంద్రులు ఉన్నంతకాలం నిలవాలని పెట్టిన గుర్తు. ‘ఆచంద్రార్కస్థాయిగా’ అనే మాటను చదువురానివాళ్లకు బొమ్మలో చెప్పారు, అంతే. అందుకని నేను ఏ ఊరికి పోయినా ముందు సర్పంచినో, వీఆర్వోనో, గుడి పూజారినో కలుస్తాను. రచ్చబండ దగ్గర కూర్చుని ‘అబ్బా, మీ ఊర్లో రాతలున్న రాళ్లు యాడన్నా ఉన్నాయా?’ అని అడుగుతాను. ‘శాసనం’ అంటే చాలామందికి తెలియదు. ‘రాతపలక’, ‘అక్షరాల బండ’ అనాలి. గొర్రెలు కాసేవాళ్లను తప్పకుండా అడగండి. ఊరి పొలిమేరల్లో ఏ రాయి ఎట్లా పడి ఉందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

వెతకాల్సిన చోట్లు ఇవి: గుడి ముందర గరుడకంబం, మండపం స్తంభాలు, గర్భగుడి బయటిగోడ అడుగు వరుస రాళ్లు, చెరువు తూము, అలుగు, పాత కోట వాకిలి, రెండు ఊళ్ల పొలిమేర. ఇళ్ల ముందర మెట్టుగా వేసిన బండలను కూడా చూడాలి, వాటి కింది ముఖాన కూడా రాత ఉండొచ్చు.

అన్నీ అక్షరాలున్న రాళ్లే కావు. కత్తి పట్టుకున్న వీరుడు కింది అరలో, అప్సరసలు అతన్ని ఎత్తుకుపోతున్నట్లు నడిమి అరలో, శివలింగం ముందర కూర్చున్నట్లు పై అరలో ఉంటే అది వీరగల్లు. పశువులను దొంగల నుంచి విడిపిస్తూనో, ఊరికి అడ్డం నిలబడో చచ్చిపోయినవాడి గుర్తు అది. గాజులున్న చెయ్యి ఒక్కటే పైకెత్తి కనిపిస్తే సతిరాయి. వీటిలో అరల మధ్య సన్నటి పట్టీ మీద ఒకటి రెండు పంక్తుల రాత ఉంటుంది. పసుపు కుంకుమ పూసి ఇప్పటికీ పూజిస్తుంటారు కాబట్టి అది కనపడదు. ఆ పూజ చేసేవాళ్లను అడక్కుండా తుడవొద్దు. ఒక ఊర్లో ముసలామె నన్ను పండగ ముందురోజు రమ్మంది. వాళ్లే ఆ రోజు రాయిని కడుగుతారట. పోయాను, కడిగిన గంటలో చదువుకున్నాను.

ఇక వెంట తీసుకుపోవలసినవి. మెత్తటి కొబ్బరిపీచు బ్రష్షు ఒకటి, పాత నూలుగుడ్డ, రెండు సీసాల మామూలు నీళ్లు, ఒక అడుగు పొడవున్న చేతి అద్దం, టార్చిలైటు, ముదురు రంగు దుప్పటి, కొలతటేపు, ఒక స్కేలు, గళ్ల పుస్తకం, పెన్సిలు, ఫోను. ఇంతే. ఇనుప బ్రష్షు, ఉలి, యాసిడ్, సబ్బు ఏదీ వద్దు. సుద్దముక్కతో అక్షరాల మీద దిద్దడం, పిండి పూయడం, నూనె రాయడం చాలామంది చేస్తారు. చేయొద్దు. సుద్దతో దిద్దినవాడు తనకు తోచిన అక్షరాన్ని దిద్దుతాడు. తరువాత వచ్చినవాడు రాతిలో ఉన్నది చదవడు, ఆ సుద్దను చదువుతాడు. నూనె పూస్తే దుమ్ము అంటుకుని అయిదారేళ్లలో అక్షరం పూడిపోతుంది.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఒక ఊర్లో గుడి జీర్ణోద్ధారణ పేరుతో మండపం స్తంభాలకు ఎనామిల్ పెయింటు కొట్టారు. నేను అంతకుముందు నెలలో సగం చదివి, మిగతాది వచ్చేవారం అనుకున్న శాసనం దాని కింద పోయింది. ఫోటో కూడా పైన పది పంక్తులదే ఉంది. అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఎంత అలసినా, చీకటి పడుతున్నా, మొదటిరోజే మొత్తం పలకను ఫోటోలు తీసుకుంటాను. చదవడం తరువాత.

ఫోటో తీయడంలో కిటుకు వెలుతురుదే. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాయి బోడిగా కనిపిస్తుంది. పొద్దున ఏడు గంటలప్పుడో, సాయంత్రం అయిదుకో ఎండ పక్కనుంచి రాయిని రాసుకుంటూ పోయేటప్పుడు చూడండి, ప్రతి గాడిలోనూ నీడ నిలబడి అక్షరం లేచి వస్తుంది. పలక ఆ సమయానికి నీడలో ఉంటే అద్దం పనికొస్తుంది. ఒకరు ఎండలో నిలబడి అద్దంతో వెలుగును పలక మీదికి పక్కవాటుగా కొట్టాలి, ఒకరు ఫోటో తీయాలి. మా మనవరాలు అద్దం పట్టడంలో ఇప్పుడు నాకంటే నేర్పరి. గుడి లోపల అయితే టార్చి. ఆరుబయట రాత్రిపూట టార్చితో పోవద్దు, పైన చెప్పిన అనుమానం వల్లే. పగలే దుప్పటి కప్పుకుని, లోపల చీకటి చేసుకుని, టార్చిని రాయికి ఆనించినట్లు పక్కన పెట్టి చూడొచ్చు. ఒకే చోటును ఎడమ నుంచి, కుడి నుంచి, పైనుంచి వెలుగు పడేట్లు మూడుసార్లు తీయండి. ఎడమ వెలుగులో అడ్డగీతలు దాక్కుంటాయి, పై వెలుగులో నిలువుగీతలు దాక్కుంటాయి. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే అక్షరం పూర్తవుతుంది. ప్రతి ఫోటోలో స్కేలు కనపడాలి. ఒక ఫోటో అంచు తరువాతి ఫోటోలో కొంచెం కలవాలి.

నీళ్ల కిటుకు ఒకటి ఉంది. బ్రష్షుతో దుమ్ము దులిపి, పలకంతా నీళ్లతో తడిపి ఊరుకోండి. రాయి పైముఖం ముందు ఆరుతుంది, గాళ్లలో తడి ఇంకొంచెంసేపు నల్లగా నిలుస్తుంది. ఆ కొన్ని నిమిషాలే మనవి. అరిగిపోయి చేతికి కూడా తెలియని అక్షరాలను నేను అట్లా చదివాను. పొరలు పొరలుగా లేస్తున్న నాపరాయి మీద మాత్రం నీళ్లు పోయొద్దు. మా వైపు నాపరాళ్లు ఎక్కువ, కాబట్టి గోటితో అంచు తాకి చూసి, పెచ్చు కదులుతుంటే వెలుతురుతోనే సరిపెట్టుకుంటాను.

శాసనశాఖవాళ్లు కాగితంతో అచ్చు తీస్తారు. తడి కాగితాన్ని రాతికి అతికించి, గట్టి బ్రష్షుతో గాళ్లలోకి దిగేట్లు కొట్టి, కొంచెం ఆరాక సిరా అద్దుతారు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. చూడముచ్చటైన పని, కానీ చెయ్యి తిరిగినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది. పుస్తకం చూసి, వీడియో చూసి మొదలుపెడితే సిరా రాతికి పడుతుంది. రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా అసలు చేయకూడదు.

ఇప్పుడు చదవడం. అన్నిటికంటే నాకు ఇష్టమైన భాగం ఇది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

కలమళ్లతో మొదలుపెట్టొద్దు. దగ్గరి కాలం నుంచి వెనక్కి నడవండి. పదహారో శతాబ్దం విజయనగర శాసనాలు ఇప్పటి మన అక్షరాలకు దగ్గరగా ఉంటాయి. తెలుగు చదవగలిగిన ఎవరైనా పదిరోజుల్లో వాటితో పరిచయం చేసుకోవచ్చు. అక్కణ్నుంచి కాకతీయుల కాలం, ఆ తరువాత చాళుక్యుల కాలం, చివర రేనాటి చోళులు. ఒక్కొక్క మెట్టులో ఏ అక్షరం ఎట్లా మారిందో మీ గళ్ల పుస్తకంలో మీరే పట్టిక రాసుకోండి. తలకట్టు పోతుంది, గుండ్రనితనం తగ్గుతుంది. కాలం రాయని శాసనాలకు ఈ అక్షరాల తీరే కాలం చెబుతుంది. కలమళ్ల శాసనానికి 575 ప్రాంతం అని చెప్పగలిగింది కూడా అందుకే.

విజయనగర శాసనంలో కొత్తవాళ్లను తికమకపెట్టేవి కొన్నే ఉంటాయి. ఎత్వానికి ఏత్వానికి, ఒత్వానికి ఓత్వానికి చాలాచోట్ల తేడా చూపరు. ‘దెవర’ అని ఉంటే ‘దేవర’ అని మనమే చదువుకోవాలి. ‘ధ’ లాంటి ఒత్తి పలికే అక్షరాల కింద గీత ఒక్కోసారి ఉండదు, ‘ధర్మం’ ‘దర్మం’ అని కనపడుతుంది. రేఫ, అంటే ర్, తరువాతి హల్లు రెట్టిస్తారు, ‘ధర్మ్మ’, ‘సర్వ్వ’ అని. ఇంకా ముఖ్యం వలపలగిలక. ‘ర్మ’ రాయాల్సినచోట ముందు ‘మ’ రాసి దాని కుడిపక్కన రేఫ గుర్తు పెడతారు. అది తెలియక ముందు హల్లు చదివి తరువాత గుర్తు చదివితే మాట తలకిందులవుతుంది. బండి ఱ ఉంటుంది, ‘చెఱువు’, ‘ఊరివారు’లలో దేనికి ఏ ర వేశారో గమనించండి, పాత శాసనాల్లో ఆ తేడా కచ్చితంగా పాటిస్తారు. ఇంకా వెనక్కిపోతే ‘ఴ’ అనే అక్షరం కనపడుతుంది. నాలుకను వెనక్కి మడిచి పలికేది, తమిళంలో ఇప్పటికీ ఉంది. మన భాషలో అది చాలా మాటల్లో డ అయింది. చోఴ చోడ అయ్యాడు, ఏఴు ఏడు అయింది. ‘చోళులు’, ‘చోడులు’ రెండూ ఎందుకు అంటామో ఆ ఒక్క అక్షరం చెబుతుంది.

మాటలు విడదీసి రాయరు. పంక్తి ఎక్కడ అయిపోతే మాట అక్కడ విరుగుతుంది. అందుకని అక్షరాలు గుర్తుపట్టడం కంటే శాసనం నడక తెలుసుకోవడం ఎక్కువ పనికొస్తుంది. నూటికి ఎక్కువ భాగం విజయనగర దానశాసనాలు ఒకే తోవలో పోతాయి. ‘స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శక వరుషంబులు’ అని ఎత్తుకుంటాయి. వెంటనే అంకెల్లో సంవత్సరం, ‘అగునేటి’ అని ఆ ఏటి పేరు, నెల, ‘శు’ అంటే శుద్ధం, ‘బ’ అంటే బహుళం, తిథి, వారం. తరువాత ‘శ్రీమద్రాజాధిరాజ రాజపరమేశ్వర వీరప్రతాప’ అని బిరుదులతో రాజు పేరు, ‘పృథ్వీరాజ్యం చేయుచుండగాను’. తరువాత ఇచ్చినవాడి పేరు, తండ్రి, తాత, గోత్రం. తరువాత పుచ్చుకున్న దేవుడో, బ్రాహ్మణుడో, ఊరో. అటు తరువాత భూమి ఏ సీమలో, ఎన్ని మర్తుర్లు, ఎన్ని తూములు అనే నేల కొలతలు, నాలుగు దిక్కుల హద్దులు. చివర శాపం: ‘ఈ ధర్మానకు ఎవరు తప్పినాను గంగ కఱుత గోవును చంపిన పాపాన పోదురు’. కఱుత అంటే ఒడ్డు. సంస్కృత శ్లోకం ఉంటే ‘స్వదత్తాం పరదత్తాం వా’ అని మొదలయ్యేది ఉంటుంది, తానిచ్చిన భూమినైనా ఇతరులిచ్చిన భూమినైనా లాక్కున్నవాడు అరవైవేల ఏళ్లు పురుగై పుడతాడని. ఈ నడక కంఠతా వస్తే, సగం అరిగిన పంక్తిలో ఏ మాట ఉండాలో మీకు ముందే తోస్తుంది. తోచింది కదా అని ఉన్నట్లు రాసేయొద్దు. దాని సంగతి కింద చెబుతాను.

నేను మొదట చదివేది శాపం. కింది పంక్తులు మట్టిలో ఉండటం వల్ల ఎక్కువగా అరగవు, మాటలు తెలిసినవే కాబట్టి ఆ చెక్కినవాడి చేతిరాత తెలిసిపోతుంది. అతను ‘గ’ ఎట్లా చెక్కుతాడు, ‘ప’కు ‘వ’కు ఏం తేడా పెడతాడు అన్నది అక్కడ నేర్చుకుని పైకి పోతాను.

కాలం లెక్క కట్టడం సులువు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం. పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా అయితే 79 కలపాలి, అప్పటికి జనవరి వచ్చేస్తుంది కదా. ఏటి పేరు సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇంకో లెక్క. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. శేషం 1 వస్తే ప్రభవ, 2 వస్తే విభవ, అట్లా వరుసగా. శేషం ఏమీ లేకపోతే అక్షయ. మనకు తెలిసిన సంవత్సరంతో సరిచూద్దాం. 2024 ఉగాదికి మొదలైంది శక 1946. దానికి 12 కలిపితే 1958. అరవైతో భాగిస్తే శేషం 38. ముప్ఫై ఎనిమిదోది క్రోధి. ఆ ఏడు పంచాంగంలో క్రోధి అనే కదా చదివారు.

ఈ లెక్క నన్ను ఒకసారి పెద్ద తప్పు నుంచి కాపాడింది. ఒక స్తంభం మీద శక ౧౪౨౬ అని చదివాను. ఏటి పేరు ‘భావ’ అని స్పష్టంగా ఉంది. లెక్క కడితే 1426కు రక్తాక్షి వస్తోంది. పైగా కృష్ణరాయల పేరుంది. 1426 అంటే క్రీ.శ. 1504, అప్పటికి ఆయన గద్దె ఎక్కనే లేదు. మళ్లీ ఆ ఊరికి పోయి సాయంత్రం ఎండలో అంకె చూశాను. ౨ అనుకున్నది ౩. కింద చిన్న మెలిక పూడిపోయి ఉంది. శక 1436, భావ, 1514. అన్నీ కుదిరాయి. ౨, ౩ అంకెల దగ్గర, ౬, ౭ అంకెల దగ్గర రెండుసార్లు చూడండి. ఏటి పేరుకు అంకెకు ఒక ఏడాది తేడా వస్తే కంగారుపడొద్దు, గడిచిన ఏళ్లు లెక్కపెట్టారా, నడుస్తున్న ఏడును లెక్కపెట్టారా అన్నదాన్ని బట్టి ఆ తేడా వస్తుంటుంది. పది, ఇరవై తేడా వస్తే తప్పు మీ చదువుదే.

కొన్నిటిలో అంకెలుండవు, మాటలుంటాయి. చంద్రుడు ఒకడు, కళ్లు రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, ఋతువులు ఆరు, మునులు ఏడుగురు, వసువులు ఎనమండుగురు, నిధులు తొమ్మిది, ఆకాశం సున్న. కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. ‘శశి, నిధి, నేత్ర, చంద్ర’ అని ఉంటే 1, 9, 2, 1. తిరగేస్తే 1291.

1291 అంకె ఊరికే చెప్పలేదు. పోరుమామిళ్ల చెరువు శాసనం ఆ శకంలోనిదే, సౌమ్య సంవత్సరం, కార్తీకమాసం. పైలెక్క వేసి చూడండి, 43 వస్తుంది, నలభై మూడోది సౌమ్య. క్రీ.శ. 1369. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఆ చెరువు తవ్వించాడు. భాష సంస్కృతం, లిపి తెలుగు, రెండు పెద్ద పలకలు. ఒక పనిని పద్ధతిగా చెప్పడానికి నేను దాన్ని ఆదర్శంగా చూస్తాను. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని అందులో వరుసగా చెప్పారు: ధర్మం తెలిసిన రాజు, నీళ్ల శాస్త్రం ఎరిగినవాడు, గట్టి నేల, తీపినీళ్ల ఏరు, ఆ ఏటికి ఆనుకున్న కొండ, బిగుతైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గర్లో మంచి రాయి దొరికే గని, చుట్టూ పండే చదును నేల, చేయితిరిగిన పనివాళ్లు, ఇట్లా. ఆరు దోషాలు కూడా చెప్పారు: కట్ట నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరన ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాశారు. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతుంది.

రాజులవి, దేవుళ్లవే ఉంటాయనుకోవద్దు. సదాశివరాయల కాలంలో, 1540ల్లో, మంగళ్ల పన్నులు మాఫీ చేసిన శాసనాలు సీమలోనూ బయటా చాలా ఉన్నాయి. అళియ రామరాయలకు క్షౌరం చేసి మెప్పించిన కొండోజు అనే మంగలి తన కులంవాళ్లందరికీ ఆ మాఫీ ఇప్పించాడు. నేను ఒక మంగలి కుర్రాడికి అట్లాంటి శాసనం చదివి వినిపించాను. కత్తెర పక్కన పెట్టి, మళ్లీ చదవమన్నాడు.

రాసుకునే పద్ధతిలో కొన్ని నియమాలు నేను ఎప్పుడూ తప్పను. పలకలో ఎక్కడ పంక్తి మారితే నా పుస్తకంలోనూ అక్కడే మార్చి, అంకె వేస్తాను. ఉన్నది ఉన్నట్లే రాస్తాను, ‘వరుషంబులు’ అని ఉంటే ‘వర్షంబులు’ అని దిద్దను, తెలుగు టీచరు బుద్ధిని అక్కడ పక్కన పెట్టాలి. అనుమానమున్న అక్షరాన్ని కుండలీకరణంలో పెడతాను, పోయిన అక్షరాలకు ఎన్ని పోయాయో అన్ని చుక్కలు పెడతాను. నాకు తోచిన పూరణను పక్క పేజీలో విడిగా రాస్తాను. ఈ రెండు పేజీలు కలిసిపోతే మీ ఊహ రేపు చరిత్ర అయి కూర్చుంటుంది. పలక పొడవు, వెడల్పు, ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎవరి పొలంలో ఉంది, ఊరివాళ్లు దాన్ని ఏమంటారు అన్నవి కూడా అదే రోజు రాయాలి.

చదివాక సరిచూసుకోవడానికి తోవలున్నాయి. రాష్ట్ర పురావస్తుశాఖ కడప జిల్లా శాసనాలను సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరి పేరు అందులో ఉందో లేదో చూడండి. కడపలో సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి పోతే కైఫీయత్తులు కూడా దొరుకుతాయి. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాల నోట విని రాసుకున్న ఊరి చరిత్రలవి. శాసనంలోని పేరు కైఫీయత్తులో కూడా కనపడిందంటే నాకు ఆ రోజు అన్నం సయించదు, సంతోషంతో. అచ్చుకాని శాసనమైతే ఫోటోలు, మీ చదువు, ఊరు, మండలం వివరాలతో మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి రాయండి. ఏటేటా కొత్తగా దొరికినవాటిని వాళ్లు నమోదు చేస్తారు. రాగిరేకులు దొరికితే మాత్రం మీ దగ్గర ఒక్కరోజు కూడా ఉంచుకోవద్దు. నేలలో దొరికిన పాతవస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది. తహసీల్దారుకు కాగితం రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. కరిగించి బిందె చేయించుకున్న రేకుల కథలు రెండు విన్నాను, మూడోది వినదలచుకోలేదు.

పలకను ఉన్నచోటే ఉంచండి. గుడిలోకి తెచ్చి సిమెంటుతో నిలబెడదామని ఊరివాళ్లు ప్రేమతోనే అంటారు. హద్దురాయిని కదిలిస్తే అది చెప్పే హద్దు పోతుంది. కింది నాలుగు పంక్తులు సిమెంటులో పోతాయి. ఒరిగి ఉంటే చుట్టూ ముళ్లకంప తీయించి, నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీయించి, నాలుగు రాళ్లు చుట్టూ పెట్టమంటాను.

ఆఖరి పని, చదివింది ఊరికి వినిపించడం. నేను ఒక పెద్ద కాగితం మీద రెండు భాగాలుగా రాసుకుపోతాను, పైన రాతిలో ఉన్న మాట, కింద ఇప్పటి మాట. పొద్దుగూకాక, పొలం నుంచి అందరూ వచ్చాక, రచ్చబండ దగ్గర చదువుతాను. పోయిన కార్తీకంలో ఒక చిన్న పల్లెలో అట్లా చదువుతున్నాను. గుడికి ఇచ్చిన చేనికి హద్దులు వచ్చాయి. దక్షిణం వంక, పడమర బాట, ఉత్తరం చింతలతోపు, తూర్పు పులిగుండు. నాకు ఆ చోట్లేవో తెలియక మామూలుగా చదువుకుంటూ పోయాను. వెనక గొంగడి కప్పుకుని కూర్చున్న పెద్దాయన లేచి, ‘అమ్మా, కొంచెం ఆగు. ఏ గుండు అంటివి?’ అన్నాడు. పులిగుండు అన్నాను. ఆయన తూర్పువైపు కట్టె చాపి చూపించాడు. చీకట్లో కొండ కింద ఒక పెద్ద బండ నల్లగా కనిపిస్తోంది. ‘మా గొర్రెలు రోజూ పండుకునేది దాని నీడనే’ అన్నాడు. పిల్లలు అప్పటికే చెప్పులు లేకుండా అటు పరిగెత్తుతున్నారు.